మాతృత్వము దేహధర్మమా?

తెలుగువారు జంషెడ్‌పురమును నేటికిని టాటానగరమనియే పిలుచుచుందురు. సాక్చీ గ్రామమున ఇనుము ఉక్కు కర్మాగారము నెలకొన్న పిదప 1919వ సంవత్సరమున వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ పట్టణమునకు జంషెడ్జీ టాటా పేరు పెట్టెను. కాళీమాటి యను రైలుస్టేషను టాటానగరమయ్యెను. శ్రీకాకుళ విశాఖ మండలములనుండి పొట్ట చేతబట్టుకొని పోయిన మనవారు మొట్టమొదట కాలు మోపినది ఆ స్టేషనులోనే గనుక వారి నోట ఆ పేరే నిలిచిపోయినది. బిష్టుపురమున ఆంధ్రభక్త శ్రీరామమందిరము కట్టుకొన్నవారును వారే. సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియుచోట తరములుగా కాపురముండి, ఇంట తెలుగును వీథిలో హిందీని మాటాడుచు, బిడ్డల బారసాలలు, అన్నప్రాశనలు యథావిధిగా జరుపుకొనుచున్నారు.

అట్టి యింట బిడ్డ పుట్టినదన్న వార్త పొక్కిన కొలది దినములకే వాకిట చప్పట్లును, డోలకు మ్రోతయు వినవచ్చును. ఆ ప్రాంతమున వారిని కిన్నరులందురు, మనవైపు హిజ్రాలందురు. వారు పురుషదేహముతో జన్మించియు స్త్రీగా తమ్ము తామెరిగినవారు. కొందరు జన్మతః ఏ యొక్క లింగమునకును పూర్తిగా చెందనివారు. బాలింతరాలు పసికందును తెచ్చి వారి చేతులలో నుంచును. వారు పాడి, ఆడి, బిడ్డను గుండెకు హత్తుకొని, నూరేండ్లు జీవింపుమని దీవించి, ఇచ్చిన చీరయు బియ్యమును రూకలును పుచ్చుకొని వెడలిపోవుదురు. వారి దీవెన ఫలించునని గృహస్థులు నమ్ముదురు. వారి శాపమునకు వెరతురు గూడ. కాని ఆ పాట ముగిసి తలుపు మూయబడిన పిమ్మట ఒక ప్రశ్న వాకిటనే నిలిచిపోవుచున్నది. ఇతరుల ఊయెలకడ ఆశీర్వచనము పలుకుటకు తగినవారు తమ యింట ఊయెల కట్టుకొనుటకు తగరా?

తగరని శాసించిన చట్టము మన దేశమున నుండెను. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థజాతుల చట్టమునందలి రెండవ భాగము ఉత్తర హిందూస్థానమున హిజ్రాల పేర్లను పోలీసు పట్టీల కెక్కించెను. అట్లు పేరు నమోదైన వ్యక్తి మైనరుబిడ్డకు సంరక్షకత్వము వహింపరాదు. దానపత్రము, మరణశాసనము వ్రాయరాదు. కుమారుని దత్తు తీసికొనరాదు. నిజాము రాజ్యమునందును 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, అదే పోకడగల శాసనమొకటి వెలువడెను. దానిప్రకారము హిజ్రా యింట పదునారేండ్లలోపు బాలుడు కనబడుటయే నేరము. బిడ్డలను అపహరింతురను అనుమానమే వీనికి మూలము. అనుమానము ఒక్కొక్కని నేరమును విచారింపదు, సమూహమునంతను ఒక్క వేటున శిక్షించును. హైదరాబాదు శాసనమును తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది 2023 జూలైలో మాత్రమే. ఇంతకు పూర్వమే, 2014 ఏప్రిల్ 15వ తేదీన, సుప్రీముకోర్టు తన లింగమేదో నిర్ణయించుకొనుట వ్యక్తి హక్కని తీర్పు చెప్పియుండెను. చట్టముల చరిత్ర ఇంతటితో చాలును. గృహస్థుని మనసును కదలింపవలసినవి వేరు.

ఈ విషయము ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల మనవారు బృహన్నలను, శిఖండిని స్మరించి ఊరకుందురు. నిజమునకు ఆ రెండు ఉదాహరణములును ఇచ్చట అంతగా పొసగవు. తిక్కన సోమయాజి విరాటపర్వమున మనోహరముగా చిత్రించిన బృహన్నల రూపము అర్జునునకు ఊర్వశీశాపమువలన కలిగి, అజ్ఞాతవాసమున ఒక్క యేడు ఉపయోగపడి తొలగిపోయినది. శిఖండి కథ పగతో పుట్టి యుద్ధముతో ముగిసినది. రెంటియందును ఊయెల లేదు. మనకు కావలసిన కథ అనుశాసనిక పర్వమున నున్నది. దానిని చదువువారు అరుదు, చదివియు చెప్పువారు మరియు అరుదు.

భంగాస్వనుడను రాజర్షికి సంతానము లేకుండెను. ఆయన ఇంద్రునకు ప్రియము కాని అగ్నిష్టుతమను యజ్ఞము చేసి నూర్గురు కుమారులను బడసెను. ఇంద్రుడు కినుక వహించి సమయమునకై వేచియుండి, రాజు వేటకు వెడలిన దినమున ఆయనకు దిగ్భ్రమ కల్పించెను. దప్పిగొని తిరిగి తిరిగి రాజొక సరస్సును చూచి, గుఱ్ఱమునకు నీరు పట్టి, తానును అందు మునిగెను. లేచుసరికి స్త్రీ. గుఱ్ఱమెక్కుట యెట్లు, కొడుకులకు, భార్యలకు, పౌరజానపదులకు ముఖము చూపుట యెట్లు అని ఆ రాజు పడిన వేదనను వ్యాసభగవానుడు దాచలేదు. అయినను ఇల్లు చేరి, జరిగినది జరిగినట్లు చెప్పి, రాజ్యమును కొడుకుల కప్పగించి అడవికి పోయెను. అందొక తాపసుని ఆశ్రమమున ఆమెకు మరల నూర్గురు కుమారులు కలిగిరి. ఆమె వారిని వెంటబెట్టుకొని రాజధానికి వచ్చి, మొదటి నూర్గురతో, తాను పురుషుడై యుండగా వీరు కలిగిరి, స్త్రీయై యుండగా వారు కలిగిరి, అందరును అన్నదమ్ములై రాజ్యమేలుకొనుడని చెప్పెను. వారట్లే కలసియుండిరి. ఇది గమనింపదగిన అంశము. ఇరువది యొకటవ శతాబ్దిలో మనము విచిత్రమనుకొనునట్టి కుటుంబమును ఆ పర్వము ఏ ఆర్భాటమును లేక ఒక్క రాజమందిరమున కూర్చుండబెట్టినది.

ఇంద్రుడు దానిని ఓర్వలేక బ్రాహ్మణవేషమున వచ్చి వారిలో భేదము పుట్టించెను. రాజుబిడ్డలు మీరు, తాపసుని బిడ్డలు వారు, రాజ్యము మీ తండ్రిదికదా యని మొదటివారికి ఎక్కించెను. ఇన్నూర్గురును పోరి మడిసిరి. కుటుంబమును కూల్చినది దాని విచిత్రరూపము కాదు, వెలుపలినుండి వచ్చి చెవిలో ఊదినవాని మాట. తల్లి యేడ్చుచుండగా ఇంద్రుడు మరల వచ్చి, తన కోపమునకు కారణము తెలిపి, ఆమె క్షమాపణకు ప్రసన్నుడై, ఏ నూర్గురను బ్రతికింపవలెనని అడిగెను. స్త్రీగా తాను కన్నవారిని బ్రతికింపుమని ఆమె కోరెను. తక్కినవారు నీ బిడ్డలు కారా యని ఇంద్రుడు ఆశ్చర్యపడగా, స్త్రీకి బిడ్డలయందుండు స్నేహము పురుషునకుండు దానికంటె అధికమని ఆమె బదులు చెప్పెను. ఈ జవాబు మొదటి నూర్గురయెడ కఠినమనిపించును, అనిపింపవలసినదే. కాని రెండు విధముల ప్రేమనును ఒకే హృదయముతో అనుభవించిన సాక్షి మాట అది. ఆ సాక్ష్యమునకు సంతసించి ఇంద్రుడు ఇన్నూర్గురను బ్రతికించెను. చివరకు, మరల పురుషత్వము కావలెనా యని అడుగగా ఆమె వలదనెను. అందుకామె చెప్పిన కారణము గృహస్థుల ముచ్చట, దానిని విడిచిపెట్టవచ్చును. శాపముగా వచ్చిన స్త్రీత్వమును ఆమె వరముగా నిలుపుకొన్నదనుట మనకు చాలును. ధర్మరాజునకు ఈ కథ చెప్పినవాడు అంపశయ్యమీది భీష్ముడు, ఆజన్మబ్రహ్మచారి. ఆయన అందెక్కడను వెక్కిరింపలేదు.

ఇది పురాణకాలపు మాట యని తోసివేయువారికి పందొమ్మిదవ శతాబ్దిలోని దక్షిణేశ్వరము కలదు. 1864 ప్రాంతమున జటాధారి యను సాధువు రామలాలా యను బాలరాముని విగ్రహముతో అచ్చటికి వచ్చెను. శ్రీరామకృష్ణులు ఆ బాలునియందు వాత్సల్యభావమున మునిగి, తామే కౌసల్యయైనట్లు మెలగిరి. బాలుడు ఎండలో పరుగిడిన మందలించుట, నీటిలో ఆడిన బెదరించుట, పిదప అయ్యో యని వగచుట — ఇదియే వారి నిత్యకృత్యము. ఒకనాడు ఆకలియన్న బిడ్డకు చేతికందిన పేలాలు పెట్టగా, అందలి పొట్టు లేతనాలుకకు గీచుకొన్నదట. కౌసల్య వెన్నయు మీగడయు పెట్టిన నోట పొట్టు పెట్టితినేయని వారు భోరున ఏడ్చిరి. ఎన్నో ఏండ్ల తరువాత ఆ సంగతి చెప్పునప్పుడును కంట తడి పెట్టిరని స్వామి శారదానందులు లీలాప్రసంగమున వ్రాసిరి. మధురభావసాధనలో ఆరు మాసములపాటు స్త్రీవేషమున నుండి, మథురబాబు ఇంటి స్త్రీలతో స్త్రీయై మసలిన సంగతియు అందే యున్నది. స్త్రీలు వారిని తమలో ఒకరుగానే భావించిరి గాని సంకోచింపలేదు. అది సాధనావిశేషము, నేటి మాటలను తెచ్చి దానికి అంటించుట తగదు. అయితే పురుషదేహమున మాతృహృదయము నిండుగా వికసింపగలదా యను ప్రశ్నకు ఆ చరిత్ర ప్రత్యుత్తరము. దానిని దాచిపెట్టుటయు అంతే తగని పని.

కనుట యొక్కటే తల్లితనమని మన సాహిత్యము ఎన్నడు చెప్పినది? ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు జన్మరహస్యము చెప్పి రాజ్యమాస చూపినను కర్ణుడు రాధను విడువలేదు. తనను చూచినంతనే ప్రేమచేత రాధ స్తన్యము చేపెననియు, తన మలమూత్రము లెత్తినది ఆమెయే యనియు చెప్పి, కౌంతేయుడను పేరును కాదని రాధేయుడుగనే మిగిలెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి ఇంకొక మెట్టు పైకెక్కినది. శివునకు తల్లి లేదని తలపునకు రాగా ఆ ముగ్ధభక్తురాలి గుండె తరుగుకొనిపోయినది. తల్లియే యున్న విషము త్రాగనిచ్చునా, పాములు చుట్టుకొననిచ్చునా, బిచ్చమెత్తనిచ్చునా! తానే తల్లినగుదునని పూని ఆమె శివునకు నూనె యంటి నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పోసి పెంచినది. ఆది లేని దేవుడు ఆమె బిడ్డయై గొంతునొప్పియని అలిగి పాలు మానెను. ఆమె ప్రాణము విడువ సిద్ధపడగా ప్రత్యక్షమై అమ్మవ్వయని పిలిచెను. కనిన తల్లికి లోకమిచ్చు గౌరవమును తగ్గింపవలసిన పని లేదు. ఆ గౌరవము ఒక్క ద్వారముననే ప్రవేశింపవలెనను నియమము మాత్రము ఈ గ్రంథములలో కానరాదు.

ఇచ్చట వేదాంతము చదివినవారొక ఆక్షేపణ తెత్తురు. ఆత్మ స్త్రీ కాదు, పురుషుడు కాదు, నపుంసకమును కాదని శ్వేతాశ్వతరోపనిషత్తు ఉద్ఘోషించుచుండగా, నేను స్త్రీనని ఒకరు పట్టుపట్టుట దేహాభిమానము కాదా? దానిని మన్నించుట అవిద్యను పోషించుట కాదా? ప్రశ్న బరువైనదే. దీనికి సమాధానము శంకరభగవత్పాదుల అధ్యాసవిచారముననే యున్నది. దేహేంద్రియముల ధర్మములను ఆత్మపై ఆరోపించుకొనుట సకల జీవులకును సహజమని ఆచార్యుల సిద్ధాంతము. సకల జీవులు అనగా ఆక్షేపించు గృహస్థుడును అందులోనివాడే. నేను పురుషుడను, నేను యజమానిని, నేను తండ్రిని అని అతడు తెల్లవారినదాది అనుకొనుచునే యున్నాడు. ఆస్పత్రిలో తన బిడ్డ జననము నమోదు చేయించునప్పుడు తండ్రి పేరు అడిగిన గుమాస్తాతో ఆత్మకు లింగము లేదని ఎవడును వాదింపడు. తనకు వ్యవహారము, ఎదుటివానికి పరమార్థము — ఇది వేదాంతము కాదు, తూకపురాళ్లు మార్చుట. వ్యవహారభూమిలో తన్ను తాను ఎరిగిన తీరున గౌరవముతో బ్రతుకనిచ్చిననే యెవరికైనను ఆ పైమెట్టు తలంపునకు వచ్చును. నిత్యము తరుమబడువానికి ఆత్మవిచారమునకు తీరిక యేది?

ముంబయిలో శ్రీగౌరి సావంత్ అను ట్రాన్స్‌జెండర్ మహిళ కలరు. పూణెలో పుట్టి, యౌవనమున ఇల్లు విడిచి, తనవంటివారి ఆరోగ్యసేవకై సంస్థ నెలకొల్పిరి. ఎయిడ్స్ వ్యాధితో మరణించిన ఒక పడుపుకత్తె కూతురు దిక్కులేక అంగడిలో అమ్ముడుపోవు స్థితిలో నుండగా, ఆమె ఆ పసిపిల్లను ఇంటికి తెచ్చుకొని పెంచిరి. 2014 నాటి సుప్రీముకోర్టు వ్యాజ్యమున వాదులలో ఆమె ఒకరు. 2017లో వారి కథ ఒక మందుల సంస్థ ప్రకటనచిత్రముగా వెలువడి లక్షలాది జనులచేత కంట తడి పెట్టించినది. జలుబుమందు అమ్ముటకు చేసినదే కానిండు, అనేక ధర్మోపన్యాసములు చేయలేని పని అది చేసినది. 2023 ఫిబ్రవరిలో కోఝికోడు వైద్యకళాశాలలో మరింత ఆశ్చర్యకరమైన జననము సంభవించినది. ఒక జంటలో స్త్రీదేహమున పుట్టి పురుషుడుగా జీవించు వ్యక్తి బిడ్డను కనెను. పురుషదేహమున పుట్టి స్త్రీగా జీవించు వ్యక్తి ఆ బిడ్డకు తల్లియయ్యెను. కన్నవారు తండ్రి, ఎత్తుకొన్నవారు తల్లి. జననపత్రమున ఎవరిని ఎట్లు వ్రాయవలెనను వివాదము కేరళ హైకోర్టున తేలుటకు 2025 జూను వరకు పట్టినది. తల్లి, తండ్రి అని విడదీయక ఇద్దరికిని చెల్లు ఒకే పదము వ్రాయుడని న్యాయస్థానమనెను. ఆ ఆంగ్లపదమును తెనిగించుట కష్టము. తల్లిదండ్రులనిన మరల విడిపోవును. సంస్కృతమున పితరౌ అను ద్వివచనమున్నది గాని తల్లి అందు తండ్రిచాటున దాగును. కన్నవారు, పెంచినవారు అను మన తేటతెలుగు మాటలు మాత్రము స్త్రీపురుషభేదము నెంచవు; ఏమి చేసిరన్నదే అడుగును.

ఇక టాటానగరము. అచ్చటి ఉక్కు సంస్థ 1912లోనే ఎనిమిది గంటల పనిదినమును, 1928లో ప్రసూతి సౌకర్యమును ఏర్పరచినది. దేశమంతటికిని ప్రసూతిచట్టము వచ్చినది 1961లో. బట్టీలయొద్ద, ఇనుపరాతి కుప్పలయొద్ద పనిచేయు స్త్రీ కూలిది యగుటకు ముందే తల్లియని గుర్తించుట అది. అదే సంస్థ 2019 డిసెంబరులో నియమములు మార్చి, సిబ్బందిలో సలింగ జంటలును, ట్రాన్స్‌జెండర్లును తమ సహచరుల పేర్లు తెలిపి వైద్యసౌకర్యములతోపాటు దత్తతసెలవు, శిశుపోషణసెలవు పొందవచ్చుననెను. లింగమార్పిడి చికిత్సకు ధనసహాయమును, ముప్పది దినముల సెలవును చేర్చెను. 2021 డిసెంబరులో పశ్చిమ బొకారో గనులలో పెద్ద యంత్రములు నడపుటకు పదునలుగురు ట్రాన్స్‌జెండర్లను తీసికొన్నది. 2023లో జార్ఖండు ప్రభుత్వము వారిని నెలకు వెయ్యి రూపాయల పింఛనులో చేర్చ నిశ్చయించెను. అయితే అదే యేడు అక్టోబరు 17న సుప్రీముకోర్టు ఇట్టి జంటల వివాహమునకు చట్టబద్ధత నీయ నిరాకరించి, అవివాహిత జంటలు కలసి దత్తు తీసికొను విషయమునను ముగ్గురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తలుపు మూసెను. ఊయెలకు సెలవు దొరకును గాని ఊయెల దొరకుట దుర్లభము.

ఏ కర్మాగారమును, ఏ కోర్టును ప్రవేశింపలేని చోటొకటి కలదు. అది మన వంటిల్లు. పదునాలుగు పదునైదేండ్ల కొడుకు ఒకనాటి రాత్రి తల్లి పీటదగ్గర కూర్చుండి, అమ్మా, నేను కొడుకును కాను, కూతురునని మెల్లగా చెప్పును. అంతవరకు వాకిట కిన్నరులకు చేతులు జోడించి చీర పెట్టిన తల్లియే, తన యింటి గడపలో ఆ మాట వినినంతనే మ్రాన్పడును. తండ్రి చేయెత్తును. చుట్టములకు తెలియకుండుటకై బిడ్డ చదువు మానిపించి గదిలో పెట్టుట, మంత్రగానియొద్దకు త్రిప్పుట, కొట్టుట, తుదకు బిడ్డ పారిపోయిన పిదప అసలు పుట్టనే లేదనుకొనుట — ఇవి కల్పనలు కావు. 2019లో చేసిన చట్టము ఇట్టి కారణమున బిడ్డను తలిదండ్రులనుండి వేరుచేయరాదనియు, ఆ బిడ్డకు ఆ యింట నివసించు హక్కు కలదనియు చెప్పినది. బిడ్డను ఇంట ఉంచుకొమ్మని తల్లికి చట్టము చెప్పవలసివచ్చుటకంటె విచారకరమేమున్నది?

అట్లు వెడలినవారు ఎచ్చటికి పోవుదురు? టాటానగరు స్టేషనులో రైలెక్కి, ఎక్కడో తనవంటివారి ఇల్లు చేరుదురు. అందు గురువుండును, అక్కచెల్లెండ్రుందురు. హైదరాబాదు హిజ్రాల జీవనమును గూర్చి గాయత్రీ రెడ్డి 2005లో ప్రకటించిన గ్రంథమున వారు తమలో తాము కల్పించుకొను తల్లికూతుళ్ల బంధములు వివరింపబడినవి. రాబడిలో వాటాలు, కఠిననియమములు, కొన్నిచోట్ల పీడనమును ఆ యిండ్లలో నున్నవి, వానిని స్వర్గమనరాదు. అయినను ఇంట పోగొట్టుకొన్న అమ్మయను పిలుపును వారు మరల వెదకికొని కట్టుకొనుచున్నారు. కన్నతల్లి యిల్లు తెరచియున్నచో అంతదూరము పోయి వెదకవలసిన యవసరము ఉండెడిది కాదు.

శారదాదేవికి కడుపు పండలేదని ఆమె తల్లి శ్యామసుందరీదేవి బెంగపెట్టుకొనియుండెను. అమ్మయను పిలుపులు లెక్కకు మించునంతమంది బిడ్డలు కలుగుదురని శ్రీరామకృష్ణులు ఆమెను ఓదార్చిరి. జయరామవాటిలో ఒకనాడు అంజాద్ అను ముసల్మాను శారదాదేవి ఇంట భోజనమునకు కూర్చుండెను. మేనకోడలు నళిని అంటుపడునేమోయని దూరమునుండి విస్తరిలోనికి విసరి వడ్డించుచుండగా, అట్లు పెట్టిన మనిషి రుచిగా తినగలడాయని మందలించి ఆమె తానే వడ్డించిరి. భోజనమైన పిదప ఆ చోటు తమ చేతులతో శుద్ధి చేసిరి. కులము పోవునని నళిని కేకలు వేయగా, శరత్తు ఎట్లు తన బిడ్డయో ఈ అంజాదును అట్లే తన బిడ్డయని చెప్పిరి. శరత్తు అనగా రామకృష్ణసంఘమునకు కార్యదర్శియైన స్వామి శారదానందులు. అంజాద్ అనగా దోపిడికేసులలో చెరసాల చూచి వచ్చినవాడు.